చుక్క తీసేసిన రాయి

కరోనా తర్వాత కళాశాలలు మళ్లీ తెరిచిన ఏడాది, జూన్ ఒకటో తేదీన, నేను కడప నుంచి బదిలీ మీద కర్నూలు జిల్లాలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో గణితశాఖాధిపతిగా చేరాను. కళాశాల పేరు చెప్పను. చెబితే ఆ రాయిని చూడటానికి జనం వస్తారు, వచ్చినవాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తారు, రిటైరైనాక కూడా నాకు సంజాయిషీ ఇచ్చుకునే పని తప్పదు. నందికొట్కూరులో బస్సు దిగి ఆటో ఎక్కాలని మాత్రం చెప్పగలను.

శాఖాధిపతి అంటే ఏదో పెద్ద సైన్యం ఉంటుందనుకునేరు. శాఖలో ఉన్నది ఇద్దరం. ఒకణ్ని నేను. రెండోది ఎస్తేరు, కాంట్రాక్టు అధ్యాపకురాలు. నేను చేరిన రోజే ఆమె కూడా చేరింది. హాజరు పట్టీలో నా సంతకం కిందనే ఆమె సంతకం. వాళ్లది అక్కడికి దగ్గరి పల్లె. తండ్రికి కొంత మెట్టచేను ఉంది, ఊరి చర్చిలో పెద్దరికం ఉంది. ఆమె పాఠం చెబుతుంటే నేను వరండాలో నిలబడి వినేవాణ్ని. పైఅధికారిగా పర్యవేక్షించడానికి కాదు, వినబుద్ధయ్యేది కాబట్టి.

కాంట్రాక్టు ఉద్యోగమంటే ఏమిటో ఇక్కడే చెప్పాలి. జూన్ ఒకటిన మొదలైన కాంట్రాక్టు మరుసటి ఏడు మే ముప్ఫైతో అయిపోతుంది. మే ముప్ఫై ఒకటిన ఆ మనిషి కళాశాలకు ఏమీ కాదు. జూన్ ఒకటిన మళ్లీ కొత్తగా చేరినట్టు కాగితం రాసి చేరాలి. మధ్యలోని ఆ ఒక్కరోజును ఆఫీసు భాషలో 'బ్రేకు' అంటారు. ఏళ్ల తరబడి ఎడతెగకుండా పనిచేశాను, నన్ను పర్మనెంటు చేయండి అని రేపు అడగకుండా ఈ ఏర్పాటు. ఇంత ముందుచూపు నీళ్ల విషయంలో ఉండి ఉంటే మా సీమ ఎప్పుడో పచ్చబడేది. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. మే ఆఖర్లో సెమిస్టరు పరీక్షలు జరుగుతుంటాయి, హాళ్లలో నిలబడటానికి మనుషులు చాలరు. అందుకని ఏమీ కాని ఆ రోజున కూడా ఎస్తేరును ప్రిన్సిపాల్ ఫోను చేసి మరీ పిలిపించేవారు. పని చేయవచ్చు, సంతకం మాత్రం పెట్టకూడదు.

ప్రిన్సిపాల్ మద్దిలేటి గారు వాణిజ్యశాస్త్రం చెప్పిన మనిషి. చెడ్డవాడు కాదు. పిల్లల హాజరు డెబ్బై నాలుగున్నర శాతం దగ్గర ఆగిపోతే డెబ్బై ఐదు చేయించి పరీక్షకు కూర్చోబెట్టేవాడు. దాన్ని ఆయన 'రౌండు చేయడం' అనేవాడు. ఆయన చేతిలో పడితే ప్రపంచంలో ఏ లెక్కా సగంలో మిగలదు. గణితం చదువుకున్నవాణ్నైనా ఆ గుణాన్ని నేను లోలోపల మెచ్చుకునేవాణ్ని.

మేం చేరి మూడేళ్లు నిండాక, ఆ వేసవి సెలవుల తర్వాత, కళాశాలకు తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. వేరే రాష్ట్రాల ప్రొఫెసర్లు ముగ్గురు వచ్చి, గోడల నుంచి గ్రంథాలయం దాకా అన్నీ చూసి, నాలుగుకు ఇన్ని అని మార్కులేస్తారు. మూడు వస్తే మొదటి శ్రేణి. మూడుకు తగ్గితే రెండో శ్రేణి. వాళ్లు చూసే అంశాల్లో 'సంస్థ విశిష్టత' అని ఒకటి ఉంటుంది, అంటే ఇంకెక్కడా లేనిది మీ దగ్గర ఏముందని. అధ్యాపకుల సమావేశంలో అందరం తలలు పట్టుకున్నాం. ఎండాకాలం కూడా ఎండిపోని బోరుబావి ఉందని ఒకరన్నారు. నిజం చెప్పాలంటే కర్నూలు జిల్లాలో అంతకు మించిన విశిష్టత లేదు. కానీ మద్దిలేటి గారికి అది ఆనలేదు.

మర్నాడు పొద్దున ఆయన నుంచి అందరి ఫోన్లకూ ఒక వాట్సాప్ సందేశం వచ్చింది. పైన గులాబీ, కింద శుభోదయం, ఆ కింద 'ప్రపంచాన్ని నివ్వెరపరచిన పూర్ణసంఖ్య' అని ఒక సూత్రం. చూడగానే నాకు గుర్తొచ్చింది. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చేది π. చక్రవడ్డీని ఏడాదికో నెలకో కాకుండా క్షణక్షణం కలుపుకుంటూ పోతే తేలేది e. రెండింటికీ దశాంశాలు ఎప్పటికీ ముగియవు. 163కు వర్గమూలం తీసినా అంతే. π ని ఆ వర్గమూలంతో గుణించి, వచ్చినదాన్ని e కి ఘాతంగా వేస్తే తలాతోకా లేని సంఖ్య ఏదో రావాలి. కానీ వచ్చేది ఇది: 262537412640768743.99999999999925… బిందువు తర్వాత వరసగా పన్నెండు తొమ్మిదులు. పూర్ణసంఖ్య గడప దాకా వచ్చి, లోపల కాలు పెట్టకుండా నిలబడిపోయింది. అది పూర్ణసంఖ్య కాదని తిరుగులేని నిరూపణ ఉంది. అంత దగ్గరికి ఎందుకొచ్చిందో చెప్పే లోతైన కారణమూ ఉంది, అది ఇక్కడ మొదలుపెడితే మీరు పుస్తకం మూసేస్తారు. దీనికొక చిన్న చెల్లెలు కూడా ఉంది. e కి π ని ఘాతంగా వేసి, అందులోంచి π తీసేయండి, 19.9991 వస్తుంది. ఇరవైకి వెంట్రుకవాసి తక్కువ.

వాట్సాప్ పండితుడెవరో ఆ తొమ్మిదులన్నీ ఊడ్చేసి, చివర 744 అని పూర్ణసంఖ్యగా ప్రకటించేశాడు. మద్దిలేటి గారు దాన్ని బేతంచెర్ల రాయి మీద చెక్కించి గేటు లోపల నిలబెడదామన్నారు. కింద 'మా గణితశాఖ పరిశీలించిన అద్భుత పూర్ణసంఖ్య' అని రాయించాలట. నేను అది పూర్ణసంఖ్య కాదని, కాస్త తక్కువని చెప్పాను. ఎంత తక్కువ అని అడిగారు. ఎస్తేరు లేచి, ఒకటిని లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కకంటే కూడా తక్కువ అని ఉన్నదున్నట్టు చెప్పింది. సమావేశం గొల్లున నవ్వింది.

"అంత తక్కువకు ఎవురు చూస్తారమ్మా? గుడ్డలంగడోడు మీటరుకు అంతకంటే ఎక్కువే కొట్టేస్తాడు" అన్నారు మద్దిలేటి గారు.

"ఎవురు చూసినా చూడకపోయినా తక్కువ తక్కువే సార్. 744 అని చెక్కితే అబద్ధం చెక్కినట్టే."

"అబద్ధమేముండాది ఇందులో? రౌండు చేస్తాండాం, అంతే."

ఎస్తేరు కూర్చోలేదు. పిల్లలకు తను క్లాసులో చెప్పింది ఒకటి, గేటు దగ్గర రాసింది ఇంకొకటి అయితే రేపు తన ముఖం ఎట్లా చూస్తారని అడిగింది. సమావేశం తేలకుండానే టీలు వచ్చాయి.

సరిగ్గా ఆ వారమే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. మే ఆఖరు నాటికి నిరాటంకంగా మూడేళ్లు పనిచేసిన కాంట్రాక్టు అధ్యాపకులను పర్మనెంటు చేస్తారు. మూడేళ్లు పూర్తయ్యాయని ప్రిన్సిపాల్ ధ్రువీకరించాలి. ఆగస్టు ముగిసేలోపు ఫైలు పైకి చేరాలి. ఎస్తేరుకు ఇది ఆఖరి అవకాశం. మామూలు నియామకాలకు వయసు ఆ ఏడాదితో దాటిపోతోంది. ఇది తప్పితే జీవితాంతం మే ముప్ఫై ఒకటిన ఎవరూ కాకుండా బతకాల్సిందే. ఆమె తరఫున మాట్లాడదామని నేను మద్దిలేటి గారి గదికి వెళ్లాను.

"'నిరాటంకంగా' అని ఉండాది సారూ, సూడు" అని ఉత్తర్వు నా ముందుకు తోశారు. "మూడేండ్లకు మూడు దినాలు తక్కువ. లెక్కేస్తే రెండు పాయింటు తొంభై తొమ్మిది. అది గాక, బ్రేకు వచ్చినప్పుడల్లా లెక్క మళ్లా మొదటికొస్తాదంటారు ఆడిటోళ్లు. నేను నా చేత్తో 'పూర్తి' అని యాడ రాయాల?"

నాకు ఒళ్లు మండింది. లక్ష కోట్లలో ఒక ముక్కను రాయి మీద మింగేస్తున్న మనిషివి, మూడు రోజులు గొంతు దిగడం లేదా అని అడిగాను. ఆయన ఏమీ అనుకోలేదు.

"రాయి వేరే, ఫైలు వేరే సారూ. రాయిని ఆడిట్ చేసేటోడు లేడు." ఇంకో మాట కూడా అన్నారు. "ఆ యమ్మను రాయి కాడ కొంచెం సర్దుకోమను. తనిఖీ బాగా జరిగితే నేనూ ఏదో ఒకటి చూస్తా."

వరండాలో ఎస్తేరుకు ఇది చెప్పాను. "నేను సర్దుకుంటే ఆయన సర్దుతాడని మీరు రాసిస్తారా సార్?" అని అడిగింది. రాసివ్వలేనన్నాను. నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు, భయపడుతున్నవాళ్లు నవ్వే నవ్వు అది.

చివరికి నేనొక మధ్యేమార్గం కనిపెట్టాను. సంఖ్యను ఉన్నదున్నట్టు, బిందువుతో, పన్నెండు తొమ్మిదులతో సహా చెక్కిద్దాం, 'పూర్ణసంఖ్య' అన్న మాట తీసేద్దాం అన్నాను. మద్దిలేటి గారు వేళ్లతో అంకెలు లెక్కపెట్టి, పద్దెనిమిదికి బదులు ముప్ఫై వస్తున్నాయని తెలిసి సంతోషించారు. "అంకెలు ఎక్కువుంటే ఇంకా మంచిదే గదా సారూ" అన్నారు. ఎస్తేరు కూడా సరేనంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇరుపక్షాలనూ మెప్పించింది అదొక్కసారే కాబట్టి కొంచెం గర్వపడ్డాను.

కాగితం పట్టుకొని నేనే బేతంచెర్ల వెళ్లాను. ఆ ఊళ్లో స్టేషన్ నుంచి ఫ్యాక్టరీల దాకా అంతా రాతి పిండే. లారీలు, చెట్లు, మనుషుల కనుబొమలు అన్నీ ఒకే రంగు. పాలిష్ ఫ్యాక్టరీ యజమాని మహబూబ్ బాషా నా కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇదేమి సార్, ఫోన్ నంబరా?" అని అడిగాడు. ముప్ఫై అంకెల ఫోను ఎక్కడికి పోతుందయ్యా అన్నాను. అంకెలు మిషన్‌తో చెక్కి, ఆ తర్వాత ఆఖరి పాలిష్ పట్టిస్తానని చెప్పాడు. నల్లరాతి పలకలు చూపించి, అక్కడ రాయి మంచిచెడ్డలు ఎట్లా తేలుస్తారో వివరించాడు. పలక మీద పుట్టుకతో వచ్చిన సన్న గుంట గానీ మరక గానీ ఉంటే దాన్ని వాళ్లు 'చుక్క' అంటారు. చుక్క ఉంటే రెండో రకం, లేకపోతే మొదటి రకం. "మా ఫ్యాక్టరీ నుంచి చుక్కుండే రాయి బయటికి పోదు సార్" అని ఛాతీ మీద చెయ్యి వేసి చెప్పాడు. నేను ఆ మాటకు తలూపి, టీ తాగి, బస్సెక్కాను.

రాయి తనిఖీ రోజు పొద్దున వచ్చింది. మేస్త్రీ దాన్ని గేటు లోపల సిమెంటుతో బిగించి, నీళ్లతో కడిగి పక్కకు జరిగాడు. అద్దంలా ఉంది. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. మూడుకూ తొమ్మిదికీ మధ్య బిందువు లేదు. వేలితో తడిమి చూశాను. గోరు కూడా తగలనంత నున్నగా ఉంది. మహబూబ్ బాషాకు ఫోను చేశాను.

"అది కనిపెట్టినారా సార్!" అన్నాడు ఉత్సాహంగా. "చెక్కినాక సూస్తే రాయికి ఒక చుక్క ఉండె. మీ కాలేజీకి గదా, రెండో రకం ఎట్లా ఇస్తామని గమ్ము పెట్టి పూడ్చి, శానా సేపు పాలిష్ పట్టినారు మా వాళ్లు. దానికి సపరేటుగా ఏం తీసుకోలే."

ఆయన్ను ఏమని తిట్టగలను? వాళ్ల వృత్తిధర్మం వాళ్లు చేశారు. ఆ ఒక్క చుక్క పోవడంతో సంఖ్య లక్ష కోట్ల రెట్లు పెరిగి కూర్చుంది. ఎస్తేరు ముందు పడీపడీ నవ్వింది, తర్వాత ముఖం మాడ్చుకుంది. గేటు బయట అప్పుడే బృందం కారు హారను వినబడింది. ఆమె పరుగున పోయి తెలుగు శాఖ విశాలాక్షి మేడం దగ్గర ఏదో అడిగి తెచ్చింది. చూస్తే ఎర్ర బొట్టుబిళ్ల. జన్మలో నుదుట బొట్టు పెట్టుకోని ఎస్తేరు, దాన్ని మూడుకూ తొమ్మిదికీ మధ్య బొటనవేలితో అదిమి అంటించింది.

బృందానికి పెద్ద జంతుశాస్త్రం ప్రొఫెసరు. రాయి ముందు ఆగి, ఇదేమిటని అడిగారు. మద్దిలేటి గారు ఎస్తేరు వైపు చూసిన చూపులో మొత్తం ఫైలు ఉంది. ఆమె, ఇది పూర్ణసంఖ్య కాదని, పూర్ణసంఖ్యకు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా వచ్చిన సంఖ్య అని, ఆ ఎర్ర బిళ్ల ఊడిపోతే దీనికి అర్థమే లేదని చెప్పింది. కానిదాన్ని ఇక్కడెందుకు పెట్టారని ఆయన అడిగారు. దగ్గరికి రావడం వేరు, చేరడం వేరు అని పిల్లలకు రోజూ కనబడటానికి అంది. ఆయన మెచ్చుకున్నట్టు తలూపి, అమ్మాయిల మరుగుదొడ్లు ఎటువైపని అడిగారు. అక్కడ మా బోరుబావి మోటారు ఆ పూటే మొరాయించింది.

పది రోజులకు ఫలితం వచ్చింది. నాలుగుకు 2.99. రెండో శ్రేణి.

మద్దిలేటి గారి గది నుంచి అరుపులు గ్రౌండు దాకా వినిపించాయి. "పాయింటు సున్నా ఒకటి! అంత తక్కువకు ఎవురన్నా చూస్తారా సారూ? మూడేండ్ల కష్టం, పాయింటు సున్నా ఒకటికి చంపేసినారు గదప్పా!" తన మాట తనే మళ్లీ అంటున్నారని ఆయనకు తెలియలేదు. నేను దగ్గు వచ్చినట్టు నటించాను. 2.99ను మూడుగా తీసుకోవాలని అప్పీలు పంపుదాం, గణితశాస్త్రం ప్రకారం అది సమంజసమేనని ఎస్తేరు చేత రాయిద్దాం అన్నారు.

ఇదే అదను అనిపించింది. లోపలికి పోయేముందు ఆమెను ఆపి చెప్పాను: ఆయన 2.99కి నువ్వు రాసిపెట్టు, నీ 2.99కి ఆయన చేత రాయించుకో, ఒకే లెక్క రెండు చోట్లా వేయమను. ఫైలు గడువు ఇంకో నాలుగు రోజులే ఉంది. ఆమె లోపలికి నడిచింది.

లోపల మద్దిలేటి గారు చెప్పిందంతా విని, "2.99 మూడు కాదు సార్. నేను రాయలేను" అంది.

ఆయన కుర్చీలోంచి లేచారు. "అట్లయితే నీ మూడేండ్లూ మూడు కాదమ్మా! అది కూడా 2.99 అని మర్చిపోయినావేమో!"

"నాది మూడే సార్" అంది ఎస్తేరు. "ఆ మూడు దినాలూ నేను ఈడనే ఉంటి. మీరే ఫోన్ చేసి పిలిపిస్తిరి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరీక్ష హాల్లో నిలబడితి. తక్కువున్న దాన్ని నిండు చేయమని నేను అడగడంలే సార్. నిండుగా ఉండేదాంట్లోంచి మీరే తీసేసినారు. ఆ రాయి మీద చుక్క తీసేసినట్టు."

మద్దిలేటి గారు మెల్లగా కూర్చున్నారు. తర్వాత నన్నడిగారు. "ఆ దినాలు నువ్వు సూసినావా సారూ?"

మూడుసార్లూ పక్క హాల్లో నేనే ఉన్నానని, ఆమె నా దగ్గరే ప్రశ్నపత్రాల కట్టలు తీసుకుందని చెప్పాను. గుమస్తాను పిలవకుండా ఆయనే కలం తీశారు. బ్రేకు రోజుల్లో కూడా ఈమె నా మౌఖిక ఆదేశం మీద విధులు నిర్వహించింది, సంతకం పెట్టనివ్వకపోవడం కార్యాలయ ఆనవాయితీ వల్లనే, కాబట్టి సేవ నిరాటంకం అని రాశారు. అట్లా రాస్తే కాంట్రాక్టు లేని మనిషితో పని చేయించుకున్నట్టు తనంతట తాను ఒప్పుకున్నట్టేనని ఆయనకు బాగా తెలుసు. కింద సాక్షిగా నేను సంతకం చేశాను. అప్పీలు మాత్రం ఆయన సొంత గణితంతో పంపుకున్నారు.

పైనుంచి మూడు జవాబులు వచ్చాయి. మొదట వచ్చింది మద్దిలేటి గారికి మెమో, అంటే సంజాయిషీ అడిగే కాగితం. ఇట్లాంటివి మా విద్యాశాఖలో ఎప్పుడూ ఆలస్యం కావు. తర్వాత అప్పీలు తిరిగొచ్చింది, దశాంశాలను సవరించే నిబంధన లేదని. మరుసటి వేసవిలో, నేను రిటైరయ్యే ముందు, ఎస్తేరు సేవను పూర్తి మూడేళ్లుగా లెక్కించి పర్మనెంటు చేస్తున్నట్టు ఆర్డరు వచ్చింది. మద్దిలేటి గారు మెమోకు జవాబు రాసి రాసి విసిగిపోయి ఉన్నారు. అయినా స్టాఫుకంతా స్వీట్లు ఆయనే తెప్పించారు.

ఈ వ్యవహారం నుంచి నేను నేర్చుకున్నది ఇది. ఒక లెక్క పూర్ణానికి తక్కువగా కనబడినప్పుడు, ఎంత తక్కువ అన్నది తర్వాతి ప్రశ్న. ఆ తక్కువ లెక్కలోనే ఉందా, మధ్యలో ఎవరైనా తీసేశారా అన్నది ముందు తేల్చుకోవాలి. గణితంలో నాకు ఈ రెండో ప్రశ్న ఎప్పుడూ ఎదురు కాలేదు. ఉద్యోగంలో తరచుగా ఎదురైంది.

రాయి ఇంకా అక్కడే ఉంది. ఎండకు బొట్టుబిళ్ల ఊడినప్పుడల్లా ఎస్తేరు కొత్తది అంటిస్తుంది. మే ముప్ఫై ఒకటిన కూడా పరీక్ష హాలుకు వస్తుంది. ఇప్పుడు ముందు సంతకం పెడుతుంది.